సిగ్గుపడవలసింది దేనికి?

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి చార్మినార్ వైపు నడిచేవారికి ఆ ప్రకటనలు కొత్త కాదు. మూత్రశాల గోడలమీద, కరెంటు స్తంభాలమీద, సిటీ బస్సులో సీటు వెనుక అంటించిన చీటీలు. ‘గుప్త రోగాలు’, ‘మగతనం’, ‘గ్యారంటీ చికిత్స’ అన్న మాటలు, కింద ఒక ఫోను నంబరు. తెలుగులో, ఉర్దూలో, హిందీలో. పిల్లల చేయి పట్టుకుని నడిచే తల్లులు చూపు తిప్పుకుంటారు. మగవారు చూడనట్టే చూస్తారు. ఆ నంబర్లకు ఎవరూ ఫోను చేయకపోతే ఆ చీటీలు అచ్చు వేయించేవాడు ఏనాడో మానుకునేవాడు.

ఆ చీటీల్లో తరచుగా కనిపించే మాట శీఘ్రస్ఖలనం. భార్యాభర్తల కలయిక, ఇద్దరూ కోరుకున్న దానికంటే చాలా ముందే, భర్త ఆపుకోలేక, ముగిసిపోవడం అన్నమాట. ఇంటిల్లిపాది చదివే మన పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని అడిగేవారు ఉంటారు. గోడమీద అందరూ చదువుతున్న విషయమే ఇది. గోడ చెప్పేది అబద్ధం కనుక విచారణలో ఎవరో ఒకరు నిజం చెప్పాలి. పైగా ఇందులో వైద్యం కంటే నీతికి సంబంధించిన ప్రశ్నే పెద్దది. భార్యాభర్తల మధ్య సిగ్గు ఎంతవరకు మంచిది? ఎక్కడినుంచి అది అన్యాయమవుతుంది?

ముందు లెక్కల సంగతి చూద్దాం. 1999లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పెద్ద సర్వే ఫలితాలు వచ్చాయి. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య మగవారిలో నూటికి సుమారు 30 మంది తమకు ఈ ఇబ్బంది ఉన్నదని చెప్పుకున్నారు. మన పొరుగున కర్ణాటక గ్రామీణ ప్రాంతంలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఆ సంఖ్య నూటికి 9 దాకా తేలింది. అయితే అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం 2008లోను, 2014లోను నిపుణులను కూర్చోబెట్టి ఒక కొలత నిర్ణయించింది. మొదటినుంచీ ఉన్న సమస్య అయితే దాదాపు 1 నిమిషం లోపు ముగియాలి. మధ్యలో వచ్చినదైతే సుమారు 3 నిమిషాలకో, అంతకంటే తక్కువకో పడిపోయి ఉండాలి. దానితోపాటు ఆపుకోలేకపోవడం, అందువల్ల మనస్తాపం, ఇవన్నీ కలిస్తేనే అది జబ్బు కింద లెక్క. ఆ కొలత ప్రకారం అటువంటివారు నూటికి 4 గురికి మించరని ఆ సంఘం అంచనా.

ముప్పై ఎక్కడ, నాలుగు ఎక్కడ? ఆ మధ్యలో ఉన్న ఇరవై ఆరుమంది ఎవరు? తమకు జబ్బు ఉన్నదని నమ్ముతున్నవారు. దేనితో పోల్చుకుని నమ్ముతున్నారు? స్నేహితులు కల్లు దుకాణం దగ్గర చెప్పుకునే గొప్పలతో, ఇప్పుడైతే సెల్‌ఫోనులో దొంగచాటుగా చూసే బూతు చిత్రాలతో. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అయిదు దేశాలకు చెందిన సుమారు 500 జంటలకు గడియారాలు ఇచ్చి నిజంగా పట్టే సమయం కొలిపించారు. వారిలో సగంమందికి అయిదున్నర నిమిషాల లోపే ముగిసింది. అరగంటలు, గంటలు అన్నీ కోతలే. గోడమీది వ్యాపారం బతికేది ఆ నలుగురి జబ్బు మీద కాదు, ఈ ఇరవై ఆరుమంది భయం మీద.

భయమే కదా అని తీసిపారేయలేము. మన ఇళ్ళలో అది ఎలా పనిచేస్తుందో చూడండి. పాతబస్తీనుంచి, తెలంగాణ జిల్లాలనుంచి దుబాయి, సౌదీ, కువైటు పనులకు వెళ్ళిన మగవారు రెండేళ్ళకోసారి నెలో, రెండు నెలలో సెలవు పెట్టి వస్తారు. మొదటి రాత్రి ఏం జరుగుతుందో ఏ వైద్యుడైనా ముందే చెప్పగలడు. చాలాకాలం ఎడబాటు తరువాత శరీరం తొందరపడుతుంది. అది రోగం కాదు, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కాని అతడికి ఆ మాట చెప్పినవారు లేరు. రెండో రాత్రి భయంతోనే పక్క ఎక్కుతాడు. భయపడితే మరింత తొందర. మూడో రాత్రి స్నేహితులతో కూర్చుని ఆలస్యంగా వస్తాడు, నోటి వాసనతో. ఆమె ఏమనుకుంటుంది? అక్కడ ఎవరితోనో ఉన్నాడని అనుకుంటుంది. లేదా తాను నల్లబడ్డానని, లావయ్యానని తనలో తాను కుమిలిపోతుంది. ‘ఏమండీ, ఏమైంది?’ అని ఒక్కసారి అడుగుతుంది. ‘ఏం కాలేదు, పడుకో’ అన్న జవాబుతో ఆ మాట అక్కడే ఆగిపోతుంది. సెలవు అయిపోతుంది. ఎయిర్‌పోర్టులో ఇద్దరూ ఏడుస్తారు. ఒకరి ఏడుపు కారణం మరొకరికి తెలియదు.

ఇక ఇళ్ళ సంగతి. రెండు గదులలో ఏడుగురు బతికే కుటుంబాలు ఎన్నో. పరదాకు అవతల అత్తమామలు, మంచం పక్కన చాపమీద పిల్లలు. అటువంటి చోట కొత్త దంపతులు నేర్చుకునే మొదటి పాఠం తొందర. పెళ్ళికి లక్షలు అప్పు చేసి బ్యాండు మేళం పెట్టించే పెద్దలకు, ఆ జంటకు వారానికి ఒక్క పూట ఇల్లు ఖాళీ చేసి ఇద్దామన్న ఆలోచన రాదు. ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక మనుమలను వెంటబెట్టుకుని బహదూర్‌పురా జూపార్కుకు వెళ్ళే నాయనమ్మ ఆ ఇంటికి చేసే మేలు ఏ లేహ్యమూ చేయలేదు. ఇది వేళాకోళానికి అన్న మాట కాదు. దంపతులకు చోటు కల్పించడం పెద్దల ధర్మం, అన్నం పెట్టడం ఎంత ధర్మమో అంత.

గోడ చీటీలు అమ్మే భయం ఇంకొకటి ఉంది. ‘చిన్ననాటి తప్పుల ఫలితం’ అని అవి మొదలుపెడతాయి. పద్నాలుగేళ్ళ వయసులో చేసిన హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని, అందుకే ఇప్పుడు ఈ గతి పట్టిందని చెబుతాయి. ఇన్ని చుక్కల రక్తం కలిస్తే ఒక్క చుక్క వీర్యం అన్న పాత నమ్మకం మన దేశంలో ఉండనే ఉంది. దాని వల్ల కలిగే దిగులును మన మనోవైద్యుడు డాక్టర్ ఎన్. ఎన్. విగ్ 1960లో ‘ధాతు సిండ్రోమ్’ అని పేరుపెట్టి వర్ణించారు. ఐరోపాలోనూ ఇటువంటి భయమే. స్విట్జర్లాండులోని లొజాను నగర వైద్యుడు తిస్సో 1760లో హస్తప్రయోగం మీద పుస్తకం రాసి, వీర్యనష్టం మనిషిని క్షీణింపజేస్తుందని ఖండఖండాలను భయపెట్టాడు. అది ఒక వైద్యుడి ఊహ, శ్రీసభ సిద్ధాంతం కాదు. ఆ అలవాటు శుద్ధతకు విరుద్ధమని శ్రీసభ చెప్పే మాట వేరు. దానికి శిక్షగా దేవుడు పెళ్ళి పడకమీద శరీరాన్ని పాడుచేస్తాడని శ్రీసభ ఎక్కడా బోధించలేదు. పాపసంకీర్తనంలో ఉచితంగా మన్నింపు పొందిన తప్పుకు గోడమీది డాక్టరు మళ్ళీ రుసుము వసూలు చేస్తాడు. అది కూడా వాయిదాలలో.

ఈ భయాన్ని తెలుగునాట చాలామందికి పోగొట్టినవారిలో విజయవాడ డాక్టర్ సమరం గారు ఒకరు. నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కుమారుడాయన. స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. దేవుని విషయంలో ఆయనకూ మనకూ పొత్తు కుదరదు, ఇంకా కొన్ని విషయాలలో కూడా కుదరదు. అయినా ఆ పేజీని దిండు కింద దాచుకుని చదివిన కతోలిక యువకులు లేరని ఎవరైనా అంటే నేను నమ్మను. వివాహ సిద్ధబాటు తరగతులలో వినవలసిన మాటను వారు అక్కడ వెతుక్కున్నారు.

యునానీ వైద్యాన్ని ఇందులోకి లాగి నిందించడం న్యాయం కాదు. చార్మినార్ దగ్గరే ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. చదువుకుని పట్టా పుచ్చుకున్న హకీములు అక్కడ పగటిపూట, అందరి ఎదుట రోగులను చూస్తారు. ఈ సమస్యకు యునానీలో ‘సుర్‌అతె ఇన్‌జాల్’ అని పేరు కూడా ఉంది. మన ముస్లిం పొరుగువారి ఇళ్ళలోనూ ఇదే బాధ, ఇదే మౌనం. పట్టా ఉన్న హకీము వేరు, లాడ్జిలో గది తీసుకుని ‘ఫలానా రెండు రోజులు మాత్రమే’ అని ప్రకటించే మనిషి వేరు. ఆ రెండోవాడు ఇచ్చే పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. మూలికల మందు అని అమ్మే వాటిలో ఇంగ్లీషు మందుల పొడి కలిపిన సందర్భాలు అనేక దేశాలలో బయటపడ్డాయి. గుండెజబ్బుకు నైట్రేటు మాత్రలు వాడే మనిషి అటువంటిది తెలియక మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇటువంటి ప్రకటనలు చట్టానికి కూడా విరుద్ధమే. 1954లో వచ్చిన మందులు, మంత్రతంత్ర చికిత్సల ప్రకటనల చట్టం, లైంగిక శక్తిని పెంచుతామని మందులను ప్రకటించడాన్ని నిషేధించింది. మొదటిసారి నేరానికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం భావ ప్రకటనా స్వేచ్ఛను హరిస్తున్నదని ఢిల్లీకి చెందిన హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1959 డిసెంబరులో కోర్టు చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసి, నిషేధాన్ని మాత్రం నిలబెట్టింది. అప్పటినుంచి చట్టం పుస్తకంలో ఉంది, చీటీ గోడమీద ఉంది. మోసపోయినవాడు పోలీసు స్టేషనుకు వెళ్ళి ‘నేను ఫలానా జబ్బుకు మందు కొన్నాను’ అని ఫిర్యాదు రాసి ఇవ్వడు కదా. దొంగకు కాపలా కాసేది ఇక్కడ దోచుకోబడినవాడి సిగ్గే.

కాని ఎక్కువ నష్టపోయేది అతడు కాదు, భార్య. పెళ్ళయి మూడేళ్ళు దాటి పిల్లలు లేకపోతే పరీక్షలకు మొదట నడిపించుకువెళ్ళేది ఆమెనే. మొక్కుబడులు ఆమెవే, మాటలు పడేది ఆమే. శీఘ్రస్ఖలనం ఉన్నంత మాత్రాన సంతానం కలగకుండా పోదు. అయితే కలయిక జరగకముందే ప్రతిసారీ ముగిసిపోయే తీవ్రమైన సందర్భాలలో కలగదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే, అతడు నోరు విప్పడు. ‘కోడలు గొడ్రాలు’ అని తన తల్లి అంటుంటే వింటూ కూర్చుంటాడు. ఇంకొందరు తమ అవమానాన్ని కోపంగా మార్చి ఆమె మీద చేయి చేసుకుంటారు, ‘నీలోనే వేడి లేదు’ అంటారు. ఇదీ ఇక్కడి అసలు పాపం. శరీరం తొందరపడటం పాపం కాదు. దాన్ని దాచడానికి ఇంకొకరిని బలి ఇవ్వడం పాపం.

మన బైబులులో తోబీతు గ్రంథం ఉంది, ప్రొటెస్టెంటు సోదరుల బైబులులో అది కనిపించదు. అందులో సారా అనే యువతి కథ చాలామంది పెళ్ళి ప్రసంగాలలో వినే ఉంటారు, కాని సగమే వింటారు. ఆమెను పెళ్ళాడిన ఏడుగురు భర్తలు ఒకరి తరువాత ఒకరు, కలయికకు ముందే, మొదటి రాత్రే చనిపోయారు. అందులో ఆమె తప్పు ఏమీ లేదు. అయినా ఇంటి పనిమనిషి ఆమెనే నిందించింది. సారా మేడగదికి ఎక్కి ఉరి వేసుకుందామనుకుంది. తండ్రికి తలవంపులని ఆలోచించి ఆగి, ప్రార్థన చేసింది. తరువాత తోబియా వచ్చాడు. రఫాయేలు దేవదూత చెప్పినట్టు చేప గుండె, కాలేయం నిప్పులమీద వేశాడు. ఆ తరువాత భార్యాభర్తలిద్దరూ లేచి కలిసి ప్రార్థించారు. మందూ ప్రార్థనా ఒకే గదిలో, ఇద్దరి ఎదుటే జరిగాయి. తోబియా ఆ చేప సంగతి ఆమెకు తెలియకుండా చేయలేదు.

శరీరం మాట వినకపోవడం గురించి పునీత అగుస్తీను గారు ‘దైవ నగరం’ 14వ భాగంలో చాలా ఆలోచించారు. కోరిక కొన్నిసార్లు పిలవకుండానే వస్తుందని, మరికొన్నిసార్లు కావాలన్నప్పుడు వదిలిపోతుందని, ఆదాము పతనం తరువాత ఈ అవయవాలు మన ఇష్టానికి లోబడటం మానుకున్నాయని ఆయన వాదన. దాంపత్య సుఖం మీద అగుస్తీను గారికి అనుమానం కాస్త ఎక్కువే. తరువాతి కాలంలో శ్రీసభ ఆ విషయాన్ని ఇంకా ఆదరంగా చూసింది. కాని ఆయన పరిశీలనలో గొప్ప ఓదార్పు ఉంది. శరీరం లొంగకపోవడం ఆదాము బిడ్డలందరి స్థితి. అది ఏ ఒక్కడి మగతనానికీ తీర్పు కాదు.

అయితే ‘అందరికీ ఉన్నదే’ అన్నమాట కొందరికి సాకుగా కూడా పనికొస్తుంది. అందుకు జవాబు 1960లో పోలండులో వచ్చిన ‘ప్రేమ, బాధ్యత’ అనే గ్రంథంలో దొరుకుతుంది. రాసినవారు అప్పటి క్రకోవ్ సహాయ మేత్రాణులు కరోల్ వొయితీవా, అంటే తరువాతి జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు. 2014లో పునీతులుగా ప్రకటించబడ్డారు. స్త్రీ శరీరం పురుషుని శరీరంకన్నా నెమ్మదిగా స్పందిస్తుందని, అది గ్రహించి భర్త తనను తాను నిగ్రహించుకుని ఆమెతో కలిసి నడవాలని, ఇది సుఖంకోసం చెప్పే చిట్కా కాదు, ప్రేమ కోరే ధర్మమని ఆయన రాశారు. భార్యలో కనిపించే అయిష్టతకు తరచుగా భర్త స్వార్థమే కారణమని కూడా రాశారు. మేత్రాణులు ఇంత సూటిగా రాస్తారా అని ఆశ్చర్యపడేవారు ఉండవచ్చు. ఆయన అనేకమంది యువ దంపతులతో ఏళ్ళపాటు మాట్లాడి రాసిన పుస్తకం అది.

ఆయనకంటే ముందే పునీత చిన్నప్ప గారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఏడవ అధ్యాయంలో భార్యకు భర్తపై ఎంత హక్కు ఉన్నదో భర్తకు భార్యపై అంతే ఉన్నదని, భర్త శరీరం అతడి ఒక్కడిదే కాదని చెప్పారు. ఆ రోజుల్లో అది వినడానికే వింతైన మాట. ఈ మాటను మన విషయానికి వర్తింపజేయండి. భర్త శరీరం భార్యది కూడా అయితే, ఆ శరీరానికి ఉన్న ఇబ్బంది తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. ఆమెకు చెప్పకుండా పొట్లాలు కొని మింగేవాడు తన రహస్యాన్ని కాపాడుకుంటున్నాననుకుంటాడు. నిజానికి ఆమెకు చెందినదాన్ని ఆమెనుంచి దాస్తున్నాడు. సిగ్గు మెచ్చదగిన భావమే గాని సరైన అర్థంలో సద్గుణం కాదని పునీత తోమాస్ అక్వినాస్ గారు ఏనాడో విడదీసి చెప్పారు. ఊరికి చెప్పకపోవడం మర్యాద. ఆలికి చెప్పకపోవడం మర్యాద కాదు.

హక్కుతోపాటు ఆమెకు బాధ్యతా ఉంది. భర్త చెప్పిన మాట వదినకో, పుట్టింటి అక్కకో చేరితే, పంపు దగ్గర నవ్వులాటగా మారితే, అతడు మళ్ళీ జన్మలో నోరు విప్పడు. కోపంలో ఎత్తిపొడిచే ఒక్క మాట పది మందుల పనిని పాడుచేస్తుంది. ఆమె మౌనం అతడికి కావాలి, అతడి మాట ఆమెకు కావాలి.

వైద్యం కూడా ఇదే దారిలో నడవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. అమెరికా వైద్యుడు జేమ్స్ సీమన్స్ 1956లో ఒక పద్ధతి వివరించాడు. ముగింపు దగ్గరపడుతున్నదని తెలియగానే ఆగడం, కాస్త నెమ్మదించాక మళ్ళీ కొనసాగడం, కొన్ని వారాలు ఓపికగా అలవాటు చేసుకోవడం. మందు లేదు, ఖర్చు లేదు. కాని ‘కాసేపు ఆగు’ అని నోరు తెరిచి చెప్పాలి, ఆమె ఆగాలి. భార్యకు తెలియకుండా చేసే వీలే లేని చికిత్స ఇది. దంపతుల కలయికలో భాగంగానే సాగితే దీనిలో నీతికి విరుద్ధమైనది ఏదీ లేదు.

అన్ని సందర్భాలకూ అదే సరిపోదు. ఇదివరకు బాగుండి ఈమధ్యే మొదలైతే థైరాయిడు ఎక్కువ పనిచేయడమో, ప్రొస్టేటు గ్రంథి వాపో, మనోవ్యధో కారణం కావచ్చు. కారణాన్ని నయం చేస్తే ఇదీ తగ్గుతుంది. మొదటినుంచీ తీవ్రంగా ఉన్నవారికి వైద్యులు రాసే మాత్రలు, పూత మందులు ఉన్నాయి. సొంతంగా దుకాణంలో అడిగి కొనదగినవి కావు. వైద్యుని గౌరవించమని, మందులు భూమినుంచి దేవుడు పుట్టించినవేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది.

పెళ్ళి కుదిరిన కుర్రవాళ్ళు కొందరు ఇంకో భయంతో గురువుల దగ్గరికి వస్తారు, ‘ఫాదర్, నా పెళ్ళి చెల్లదా?’ అని. శ్రీసభ చట్టం 1084వ నిబంధన ప్రకారం వివాహాన్ని చెల్లకుండా చేసేది పెళ్ళినాటికే ఉండి, శాశ్వతమైన నపుంసకత్వం మాత్రమే. శీఘ్రస్ఖలనం సాధారణంగా దాని కిందికి రాదు. కలయికే ఎన్నడూ సాధ్యంకాని, నయంకాని అరుదైన సందర్భం ఉంటే దాన్ని శ్రీసభ న్యాయస్థానం పరిశీలిస్తుంది. అనుమానం ఉన్నంత మాత్రాన పెళ్ళిని అడ్డుకోకూడదని అదే నిబంధన చెబుతోంది. సంతానం కలగకపోవడం కూడా వివాహాన్ని చెల్లకుండా చేయదు. కొడుకుకు రెండో పెళ్ళి చేద్దామని గుసగుసలాడే అత్తగార్లు ఈ చివరి వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.

మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి ఉంది. అక్కడి ఓ.పీ.లో మూత్రకోశ వ్యాధుల వైద్యులు ఉంటారు. చీటీ రాసే గుమాస్తాకు జబ్బు పేరు చెప్పనక్కరలేదు, ‘యూరాలజీ’ అంటే చాలు. లోపల డాక్టరు గారు ఇది రోజూ వింటారు కనుక వారి మొహంలో నవ్వుగాని ఆశ్చర్యంగాని కనిపించదు. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఎంతకాలంనుంచి ఉంది, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. గోడమీది నంబరువాడు ఇచ్చిన పొట్లం ఇంట్లో మిగిలి ఉంటే అదికూడా పట్టుకెళ్ళి చూపించండి.